మొప్పనాచు గుణం కనుగొన్నదెవరు? – ఎల్లడోరా కెటరిడ్జ్ పాత్రపై ఒక పరిశీలన

జె.కె. రౌలింగ్ సృష్టించిన హ్యారీ పాటర్ ప్రపంచంలో వందలకొద్దీ పాత్రలున్నాయి. కథను నడిపేవి కొన్ని, కథలో ఒక్కసారి కనిపించి వెళ్లేవి కొన్ని. నవలల్లో అసలు కనిపించకుండా, ఆ ప్రపంచానికి అనుబంధంగా వచ్చిన సామగ్రిలో ఒకటి రెండు వాక్యాలుగా మాత్రమే మిగిలిన పాత్రలు మరికొన్ని. ఈ మూడో తరగతికి చెందిన మంత్రగత్తె ఎల్లడోరా కెటరిడ్జ్. ఆమె పేరు నవలల్లో లేదు. నవలల ఆధారంగా తయారైన వీడియో ఆటల్లో ఆటగాళ్లు సేకరించే ‘ప్రసిద్ధ మాంత్రికుల కార్డు’లలో ఒకటి ఆమెది. ఇంత చిన్న పాత్రను విమర్శకు తీసుకోవడం ఎందుకని విద్యార్థులకు సందేహం కలగవచ్చు. ఒక మొక్క గుణాన్ని కనుగొన్న స్త్రీకి గుర్తింపు ఎలా వస్తుంది, ఎలా జారిపోతుంది అనే ప్రశ్నకు ఈ పాత్ర మంచి ఉదాహరణ. ఆ ప్రశ్న కల్పనకే పరిమితమైనది కాదు. ఇంట్లో పెద్దల నోట విన్న మందుమొక్కల సంగతులు రాసుకునే ప్రతి విద్యార్థికీ అది ఎదురవుతుంది.

రెండు కార్డులు, ఒక మొక్క

ఎల్లడోరా కార్డు చెప్పే విషయం ఇంతే. ఆమె జీవితకాలం 1656–1729. గిల్లీవీడ్ అనే నీటిమొక్కను తిని, ఊపిరాడక చావుకు దగ్గరైంది. ఒక బకెట్టు నీళ్లలో తల పెట్టిన తర్వాతే తేరుకుంది. ఆ విధంగా ఆ మొక్క ఉపయోగం తెలిసింది. ఇంగ్లీషులో ‘గిల్’ అంటే చేప మొప్ప, ‘వీడ్’ అంటే పిచ్చిమొక్క లేదా నాచు. కనుక ఈ వ్యాసంలో దాన్ని ‘మొప్పనాచు’ అని వ్యవహరిద్దాం. దాన్ని తిన్నవాళ్లకు మెడకు రెండు పక్కలా మొప్పలు వస్తాయి. చేతివేళ్ల మధ్య బాతుకాళ్లకున్నట్టు పొర పెరుగుతుంది. నీటిలో ఊపిరి ఆడుతుంది, గాలిలో ఆడదు.

అదే కార్డుల వరుసలో బోమాంట్ మార్జొరీబాంక్స్ అనే మాంత్రికుడి కార్డు కూడా ఉంది. అతని కాలం 1742–1845. అతను మాంత్రిక వృక్షశాస్త్రంలో ఆద్యుడనీ, అరుదైన మొక్కలెన్నో సేకరించాడనీ, మొప్పనాచును కనుగొన్న ఖ్యాతి అతనిదేననీ ఆ కార్డు చెబుతుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తేదీలు చూస్తే చిక్కు బయటపడుతుంది. మార్జొరీబాంక్స్ పుట్టింది ఎల్లడోరా చనిపోయిన పదమూడేళ్లకు. ఆమె తిన్న మొక్కను ఆమె మరణం తర్వాత పుట్టినవాడు మొదటగా కనుగొనడం ఎలా సాధ్యం? ఉపయోగం కనుగొన్నది ఆమె, మొక్కను కనుగొన్నది అతను అని సర్దిచెప్పే అవకాశం పైకి కనిపిస్తుంది. కాని తెలియని మొక్కను ఎవరూ తినలేరు. కనీసం ఆ మొక్క ఆమె చేతిలో ఉంది, నోటిలో పడింది. అతను దాన్ని సేకరించి, వర్ణించి, గ్రంథస్థం చేసి ఉండవచ్చు. అంటే ఇక్కడ ‘కనుగొనడం’ అనే క్రియకు రెండు అర్థాలు ఏర్పడ్డాయి. ఒకటి, తన ఒంటిమీద అనుభవించి తెలుసుకోవడం. రెండు, పండితలోకానికి తెలియజేయడం. ఖ్యాతి రెండో అర్థంవైపు వెళ్లింది.

ఇదంతా కార్డులు రాసినవాళ్ల ఏమరుపాటు కావచ్చునని ఎవరైనా అంటే కాదనలేం. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని ఎవరూ సరిచూడకపోయి ఉండవచ్చు. అయితే ఏమరుపాటులో కూడా మనిషి చేయి అలవాటైన దారినే పోతుంది. స్త్రీ కార్డుకు ప్రమాదమూ బకెట్టూ, పురుషుడి కార్డుకు ‘ఆద్యుడు’, ‘సేకర్త’, ‘ఖ్యాతి’ అన్న మాటలూ దొరకడం ఆ దారి ఎంత పాతదో చెబుతుంది. రచయిత ఉద్దేశం ఏమిటన్నది ఒక ప్రశ్న. రచనలో ఏ అచ్చు పడిందన్నది మరో ప్రశ్న. విమర్శకు రెండోదే ముఖ్యం.

అతి చిన్న ప్రక్రియ

కార్డు వంటి అల్పప్రక్రియను విమర్శ పట్టించుకోవచ్చా అన్న సంకోచం తెలుగు విద్యార్థికి ఉండనక్కరలేదు. ఒక్క పద్యంలో ఒక కవి జీవితాన్నంతా నిలిపే చాటువులు మనకున్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాటిని సేకరించి ‘చాటుపద్య మణిమంజరి’గా ప్రచురించకపోతే ఎన్నో నశించేవి. చాటువులో ఉన్నది చరిత్రా, కల్పనా అన్నది ఎప్పుడూ తేలదు. కాని జనం ఆ కవిని ఎలా తలచుకోదలచారో అందులో తేటగా తెలుస్తుంది. కార్డు చేసే పనీ అదే.

రౌలింగ్ ప్రపంచంలో కార్డుకు ఉన్న స్థానం కూడా తక్కువది కాదు. 1997లో వచ్చిన తొలి నవలలో హ్యారీ రైలుపెట్టెలో చాక్లెట్ కప్ప కొనుక్కుంటే దానితో డంబుల్‌డోర్ కార్డు వస్తుంది. నికొలస్ ఫ్లమెల్ ఎవరో తెలియక ముగ్గురు పిల్లలూ గ్రంథాలయమంతా గాలించి అలసిపోయాక, జవాబు మళ్లీ అటువంటి కార్డు మీదే దొరుకుతుంది. పుస్తకాలలో దొరకనిది కార్డులో దొరకడం ఆ కథకు కీలకం. కాబట్టి ఆ లోకంలో కార్డు పిల్లల ఆటవస్తువు మాత్రమే కాదు, ఒక ఆధారపత్రం కూడా.

ఆ డంబుల్‌డోర్ కార్డునే ఎల్లడోరా కార్డుతో పోల్చి చూద్దాం. డ్రాగన్ రక్తానికి గల పన్నెండు ఉపయోగాలను ఆయన కనుగొన్నాడని అక్కడ ఉంది. ఆ పన్నెండింటిని కనుగొనే ప్రయత్నంలో ఎన్నిసార్లు చేయి కాలిందో, ఎన్ని పాత్రలు పగిలాయో లేదు. ఫలితం ఉంది, అవస్థ లేదు. ఎల్లడోరా కార్డులో అవస్థ మొత్తం ఉంది. ఆమె వేసిన అంచనా ఏమిటి, తర్వాత చేసిన పని ఏమిటి అన్నది లేదు. పండితుడి విషయంలో పొరపాట్లు మరుగున పడ్డాయి. ఆమె విషయంలో ఆలోచన మరుగున పడింది. పాఠకుడు ఒకరిని చూసి గౌరవంతో తల వంచుతాడు, ఇంకొకరిని చూసి నవ్వుకుంటాడు.

బకెట్టులో తల పెట్టడం యాదృచ్ఛికమా?

ఎల్లడోరా చేసిన పనిని కొంచెం నిదానంగా గమనిద్దాం. గాలి అందని మనిషి సహజంగా ఏం చేస్తుంది? కిటికీ తెరుస్తుంది, బయటకు పరుగెత్తుతుంది, మెడ దగ్గర బట్ట వదులు చేసుకుంటుంది. ఊపిరాడనప్పుడు నీళ్లలో తల ముంచడం శరీరం తనంతట తాను చేసే పని కాదు. ఆమె ఆ పని ఎందుకు చేసింది? మెడను తడుముకుంటే కొత్తగా చీలికలు తగిలాయా? తిన్నది నీటిమొక్క కనుక నీటిలోనే విరుగుడు ఉంటుందని ఊహించిందా? లేక కళ్లు తిరుగుతుంటే చల్లటి నీళ్ల కోసం వంగిందా? కార్డు చెప్పదు. మూడింటికీ ఆ వాక్యంలో చోటుంది.

మూడోదే నిజమనుకున్నా ఆమె ఘనత తగ్గదు. ప్రమాదం ఒక సంఘటనను మాత్రమే ఇస్తుంది. ‘నేను ఆ మొక్క తిన్నాను, అందుకే గాలి పనికిరాకుండా పోయింది, అందుకే నీళ్లు పనికివచ్చాయి’ అని మూడు సంగతులను ముడివేస్తేనే అది జ్ఞానం అవుతుంది. ముడి వేయనివాళ్లు ‘ఏదో గండం గడిచింది’ అని ఊరుకుంటారు. ముడి వేసిన మనిషి ‘ఈ మొక్క తింటే నీటిలో బతకవచ్చు’ అని నలుగురికీ చెబుతుంది. కార్డు ‘ఉపయోగం కనుగొంది’ అని అంటున్నదంటే ఆమె ముడి వేసిందనే అర్థం.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ మొత్తం ఉదంతంలో ఎల్లడోరా ఒక్క మంత్రమూ చదవలేదు, మంత్రదండం తీయలేదు. తినడం, ఉక్కిరిబిక్కిరి కావడం, నీళ్లలో తల పెట్టడం, గుర్తుపెట్టుకోవడం – ఆమె చేసినవన్నీ మామూలు మనుషులు చేసే పనులే. మంత్రాలకు చింతకాయలు రాలవని మనవాళ్లు ఊరికే అనలేదు. మాంత్రికలోకంలో కూడా మొక్క గుణం మంత్రానికి తెలియలేదు, తిన్న మనిషికి తెలిసింది.

పురాణాలలోని మహిమాన్విత మూలికలతో పోలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. రామాయణ యుద్ధకాండలో నాలుగు ఓషధుల పేర్లూ జాంబవంతుడు చెబుతాడు. హనుమంతుడు వాటిని పోల్చుకోలేక శిఖరాన్నే పెకలించి తెస్తాడు. పేరు తెలిసినవారు ఒకరు, తెచ్చినవారు ఒకరు, ఇద్దరికీ కీర్తి దక్కింది. కాని ఆ మూలికల గుణాన్ని మొదట ఎవరు పరీక్షించి తెలుసుకున్నారన్న ప్రశ్న అక్కడ పుట్టదు, అవి దివ్యౌషధులు కనుక. గ్రీకు ఇతిహాసం ఒడిస్సీలో కిర్కే మంత్రానికి విరుగుడైన ‘మోలీ’ మొక్కను హెర్మీస్ దేవుడే తవ్వి ఇస్తాడు. అపొల్లోనియస్ కావ్యంలో మెడియా జేసన్‌కిచ్చే లేపనం ప్రొమీథియస్ రక్తబిందువుల నుంచి మొలిచిన మొక్కది. వీటన్నిటిలో గుణం దైవదత్తం. ఎల్లడోరా మొక్కకు అటువంటి పుట్టుకథ లేదు. దాని గుణం ఒక మనిషి దేహం ద్వారానే తెలియాలి. ఇది ఆధునిక కాలపు ఊహ. ఎల్లడోరాకు నాలుగేళ్లున్నప్పుడు, 1660లో, లండన్‌లో రాయల్ సొసైటీ ఏర్పడింది. ప్రయోగమే ప్రమాణమన్న భావం బలపడుతున్న కాలమది. అయితే ఆ సొసైటీ స్త్రీలను సభ్యులుగా ఎన్నుకున్నది 1945లో మాత్రమే.

నవలలో మొప్పనాచు ప్రయాణం

2000లో వచ్చిన నాలుగో నవల ‘గాబ్లెట్ ఆఫ్ ఫైర్’లో మొప్పనాచుకు ప్రధానమైన పాత్ర ఉంది. పోటీలో రెండో పరీక్షగా హ్యారీ ఒక గంటసేపు సరస్సు అడుగున గడపాలి. ఎలాగో తెలియక రాత్రంతా గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేసి అక్కడే నిద్రపోతాడు. తెల్లవారాక, పరీక్షకు పది నిమిషాల ముందు, డాబీ అనే గృహసేవకుడు అతన్ని లేపి చేతిలో మొప్పనాచు పెడతాడు. హ్యారీ సరస్సులో నడుములోతు నీళ్లలో నిలబడి దాన్ని మింగాక ఊపిరి ఆగిపోతుంది, తల తిరుగుతుంది. మెడ తడుముకుంటే మొప్పలు తగులుతాయి. వెంటనే నీళ్లలోకి దూకుతాడు.

ఈ సన్నివేశం ఎల్లడోరా అనుభవానికి పునరావృత్తి. తేడా ఒక్కటే. హ్యారీ ముందు సరస్సు సిద్ధంగా ఉంది, నీటిలోకి దిగాలని అతనికి ముందే తెలుసు. ఎల్లడోరా ముందు ఏమీ సిద్ధంగా లేదు. మొదట తిన్న మనిషికి విషంగా తోచినది తర్వాత తిన్నవాళ్లకు ఉపాయమైంది. మధ్యలో జరిగిందల్లా ఆమె బతికి బయటపడి చెప్పడమే. నవలలో ఆమె పేరు లేకపోయినా, కార్డు చదివినవాళ్లకు ఆ సరస్సులో ఆమె కనిపిస్తుంది.

ఆ జ్ఞానం హ్యారీని ఎలా చేరిందో కూడా పరిశీలించదగింది. మధ్యధరా ప్రాంతపు మాంత్రిక నీటిమొక్కలపై రాసిన పుస్తకం ఒకటి నెవిల్ దగ్గర ముందునుంచీ ఉంది. హ్యారీ అతన్ని అడుగుతాడన్న లెక్కతో మారువేషంలో ఉన్న ఉపాధ్యాయుడు దాన్ని నెవిల్‌కు ఇచ్చాడు. కాని హ్యారీ అడగలేదు. ఒకే గదిలో పడుకునే నెవిల్ మొక్కల సంగతి తెలిసినవాడని అతనికి తట్టలేదు. అప్పుడా ఉపాధ్యాయుడు, ఉతికే బట్టలు తీసుకుపోవడానికి వచ్చిన డాబీ చెవిన పడేలా మొప్పనాచు ప్రస్తావన తెచ్చాడు. గ్రంథంలో ఉన్నది చేరలేదు, సేవకుడి చెవిన పడింది చేరింది. పనివాళ్లు వింటారన్న సంగతి పెద్దలు మరచిపోతారు. ఈ కథలో మాత్రం దాన్ని గుర్తుంచుకున్నవాడు దుష్టపాత్ర కావడం రౌలింగ్ చేసిన చమత్కారం.

2005లో వచ్చిన చలనచిత్రంలో డాబీ లేడు. మొప్పనాచు నెవిల్ చేతిమీదుగా వస్తుంది. నిడివి తగ్గించడానికి చేసిన మార్పు అది, సినిమాగా చూస్తే అర్థం చేసుకోదగిందే. పైగా నెవిల్‌కు తగిన గౌరవం దక్కింది. కాని గృహసేవకుల హక్కుల కోసం హెర్మయొనీ సంఘం పెట్టినది కూడా ఈ నవలలోనే అని గుర్తుచేసుకుంటే, అందులో ఒక సేవకుడు తెగించి చేసిన సాయం ఇంకొకరి ఖాతాలో పడడం గమనించక తప్పదు. కార్డుల్లో ఎల్లడోరా నుంచి మార్జొరీబాంక్స్‌కు, తెరమీద డాబీ నుంచి నెవిల్‌కు – ఈ మొక్క ఎక్కడికి వెళ్లినా దాన్ని మోసిన చేయి మారిపోతూ ఉంటుంది.

చరిత్రలోని ఎల్లడోరాలు

ఇటువంటిది నిజచరిత్రలో జరిగిందా? జరిగింది. విలియం విథరింగ్ (1741–1799) అనే ఆంగ్ల వైద్యుడు 1785లో ఫాక్స్‌గ్లోవ్ మొక్క గురించి గ్రంథం ప్రచురించాడు. ఒంట్లో నీరు పట్టి వాచిపోయే జబ్బుకు ఆ మొక్క పనిచేస్తుందని పదేళ్ల అనుభవంతో నిరూపించాడు. గుండెజబ్బుకు వాడే డిజాక్సిన్ వంటి మందులు ఆ జాతి మొక్కల నుంచే వచ్చాయి. 1775లో ఒక కుటుంబపు మందుచీటీపై తన అభిప్రాయం అడిగారనీ, ష్రాప్‌షైర్‌లోని ఒక వృద్ధురాలు దాన్ని చాలాకాలం రహస్యంగా ఉంచిందనీ, పెద్ద వైద్యులు నయం చేయలేనివాళ్లను ఆమె ఒక్కొక్కసారి నయం చేసేదనీ విథరింగ్ స్వయంగా రాశాడు. ఇరవైకి పైగా మూలికలున్న ఆ మందులో పనిచేసేది ఏదో పోల్చుకోవడం, మోతాదు నిర్ణయించడం, విఫలమైన సందర్భాలను కూడా దాచకుండా నమోదు చేయడం అతని గొప్పతనం. అతను ఆమెను దాచలేదు. కాని ఆమె పేరు రాయలేదు. తర్వాత ‘మదర్ హటన్’ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది. అది ఇరవయ్యో శతాబ్దంలో మందుల ప్రకటన నుంచి పుట్టిన పేరేనని పరిశోధకులు తేల్చారు. విథరింగ్, మార్జొరీబాంక్స్ పుట్టిన సంవత్సరాల మధ్య తేడా ఒక్క ఏడే కావడం యాదృచ్ఛికమే కావచ్చు, కాని పోలిక మాత్రం గట్టిది.

ఎల్లడోరాకు సమకాలికురాలు మరియా సిబిల్లా మెరియన్ (1647–1717). పురుగులను, మొక్కలను చిత్రించడానికి ఆమె 1699లో దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు వెళ్లి 1701లో తిరిగివచ్చింది. 1705లో వెలువడిన ఆమె గ్రంథంలో మన పెరళ్లలో రత్నగంధి అని పిలిచే పూలచెట్టు ఉంది. తమ బిడ్డలు కూడా బానిసలు కాకూడదని అక్కడి బానిస స్త్రీలు దాని గింజలు తిని గర్భం పోగొట్టుకునేవారని, ఆ సంగతి వాళ్లే తనతో చెప్పారని మెరియన్ రాసింది. ఆ మొక్క యూరప్ తోటలకు వెళ్లినా దాని గురించిన ఈ జ్ఞానం వెళ్లలేదని లండా షీబింగర్ 2004లో వెలువరించిన గ్రంథంలో వివరంగా చర్చించింది. ఇక్కడ చెప్పినవాళ్ల మాటను రాసినామె నిలిపింది. అయినా వాళ్ల పేర్లు మనకు దక్కలేదు.

ఈ రెండు ఉదాహరణల తర్వాత ఎల్లడోరా కార్డును మళ్లీ చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. ష్రాప్‌షైర్ వృద్ధురాలికి, సూరినామ్ స్త్రీలకు లేనిది ఎల్లడోరాకు ఉంది. ఆమెకు పేరుంది, జనన మరణాల తేదీలున్నాయి. హాస్యంగానే అయినా కల్పన ఆ గౌరవం ఇచ్చింది. చరిత్ర ఇవ్వలేనిది కల్పన ఇవ్వగలగడాన్ని మెచ్చుకోవాలి. ఇచ్చిన చేత్తోనే ఖ్యాతిని మరొకరికి అప్పగించడాన్నీ గుర్తించాలి.

ఆమెను తెలుగులో ఏమని పిలవాలి?

ఈ వ్యాసం మొదట్లో ఎల్లడోరాను ‘మంత్రగత్తె’ అన్నాం. ఆ మాట దగ్గర ఆగవలసి ఉంది. రౌలింగ్ ఇంగ్లీషులో స్త్రీకి, పురుషుడికి వాడిన రెండు మాటలు ఆ లోకంలో సమానమైనవి, వృత్తిని లింగభేదంతో చెప్పేవి మాత్రమే. తెలుగులో మాంత్రికుడు అంటే భయంతోపాటు కొంత గౌరవం ఉంది. మంత్రగత్తె అంటే తిట్టు. తొలి నవల తెలుగులోకి వచ్చినప్పుడు శీర్షికలోని రాయికి ‘పరుసవేది’ అన్న చక్కని మాట సిద్ధంగా దొరికింది. ఈ స్త్రీలకు అటువంటి మాట దొరకదు. మనం ఉంటున్న ప్రాంతాల భాషలలోనూ పరిస్థితి ఇదే. కన్నడంలో మాటగాతి, తమిళంలో సూనియక్కారి, మరాఠీలో చేటకీణ్, ఒడియాలో డాహాణి – ఏదీ ఇంట్లో మనిషిని ప్రేమగా పిలిచే మాట కాదు.

ఆ మాటలు ప్రాణాలు తీస్తాయి కూడా. ఎల్లడోరా బతికిన కాలంలో ఇంగ్లండులో 1604 నాటి మంత్రవిద్యా చట్టం అమలులో ఉంది. 1682లో బిడెఫర్డ్‌కు చెందిన ముగ్గురు స్త్రీలను ఉరితీశారు. 1712లో జేన్ వెన్‌హామ్ అనే స్త్రీకి మరణశిక్ష పడి, రాణి క్షమాభిక్షతో బతికింది. నీటిలో ఊపిరి పీల్చగలనని ఒక స్త్రీ ఊళ్లో చెప్పి ఉంటే ఏమై ఉండేదో ఊహించడం కష్టం కాదు. రౌలింగ్ కథలో మాంత్రికులు 1692 నుంచి మామూలు జనానికి కనబడకుండా దాగి బతకాలన్న శాసనం ఉండడానికి నేపథ్యం ఇదే. మన దగ్గర ఈ నేరం గతించిన చరిత్ర కాదు. మంత్రగత్తెలన్న నెపంతో జరిగే హింసను అరికట్టడానికి ఒడిశా 2013లో ప్రత్యేక చట్టం చేసింది. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా పనిచేసిన నరేంద్ర దభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణేలో హత్యకు గురైన తర్వాత మహారాష్ట్రలో, 2017లో కర్ణాటకలో క్షుద్రవిద్యల పేరిట జరిగే అమానుషాలపై చట్టాలు వచ్చాయి. కనుక అనువాదకుడు ‘మంత్రగత్తె’ అని రాసేటప్పుడు ఆ మాట వెనుక ఏముందో ఎరిగి రాయాలి.

తెలుగులో మంత్రశబ్దం చేరి కూడా నిందగా మారని స్త్రీవాచకం ఒకటుంది – మంత్రసాని. పురుడు పోసే స్త్రీకి ఆ పేరు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టక తప్పదన్న సామెత ఆమె పని ఎంత కష్టమైనదో చెబుతుంది. యానాం విద్యార్థులకు తెలిసిన ఫ్రెంచిలో మంత్రసానిని ‘సాజ్‌ఫామ్’ అంటారు. ‘తెలివైన స్త్రీ’ అని దాని పదార్థం. రెండు భాషలూ ఒక పనిమనిషి చేతిలోని జ్ఞానాన్ని పేరులోనే ఒప్పుకున్నాయి. ఎల్లడోరాను మంత్రసాని అనలేం, ఆమె పని వేరు. అయినా ఆమె వంశం ఏదని అడిగితే, చీపురుకట్టమీద ఎగిరే బొమ్మకన్నా మంత్రసాని వైపే వేలు చూపించవలసి ఉంటుంది. తిని, చూసి, చేసి తెలుసుకున్న స్త్రీల వరుసలో ఆమె ఒకతె.

విద్యార్థులకు

ఈ పరిశీలన వల్ల మన అధ్యయనానికి కలిగే ప్రయోజనం ఒకటుంది. తెలుగునాడుకు బయట తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలలో మొక్కల పేర్లు, వాటి వాడుకలు రెండు మూడు భాషల కలయికలో బతుకుతున్నాయి. మనం నేల ఉసిరి అనేదాన్ని తమిళులు కీళానెల్లి అంటారు, కన్నడిగులు నెలనెల్లి అంటారు, మరాఠీలు భుయ్‌ఆవళీ అంటారు. కామెర్లకు అది మందని అందరి ఇళ్లలోనూ చెబుతారు. ఒక ఇంట్లో ఏ పేరు నిలిచిందో, ఎవరి నోట ఎవరికి వచ్చిందో రాసుకుంటే అది ఆ కుటుంబం ఎవరెవరితో కలిసి బతికిందో చెప్పే చరిత్ర అవుతుంది.

అటువంటి విషయాలు సేకరించేటప్పుడు వ్యాసాలలో సాధారణంగా ‘పెద్దలు చెబుతారు’, ‘ప్రజలలో వాడుక ఉంది’ అని రాసి ముగిస్తాం. ఆ రెండు మాటలలో ఎందరో ఎల్లడోరాలు మునిగిపోతున్నారు. చెప్పినామె అనుమతి తీసుకుని ఆమె పేరు, ఊరు, ఏ భాషలో చెప్పింది, తాను ఎవరి దగ్గర నేర్చుకుంది అన్నవి ఆమె మాటల్లోనే నమోదు చేయాలి. పేరు వద్దంటే ఆ కోరికను మన్నించాలి. ఆమె చెప్పిన మందు నిజంగా పనిచేస్తుందా లేదా అన్నది వైద్యశాస్త్రం పరీక్షించి తేల్చవలసిన సంగతి. విథరింగ్ పదేళ్లు శ్రమించింది అందుకే. మన పని దాన్ని నిర్ధారించడం కాదు, ఎవరు చెప్పారో పోగొట్టకుండా కాపాడడం.

ఎల్లడోరా కార్డు, మార్జొరీబాంక్స్ కార్డు రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి. తేదీలు రెండింటిమీదా అచ్చయి ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివే పాఠకులే తక్కువ. మన సేకరణలలోనూ చెప్పినవారి పేరు, రాసినవారి పేరు ఇద్దరివీ ఒకే పుటలో ఉంటే, రేపు చదివేవారికి ఆ పోలిక సులువవుతుంది.